వాడిన ఇంపోర్టు కూడా దండగేనా?

టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: “సార్, హాస్కెల్‌లో కంట్రోల్ డాట్ అప్లికేటివ్‌ని ఇంపోర్ట్ చేశాను. అందులోని ‘ప్యూర్’ని వాడాను కూడా. అయినా ఆ లైను అనవసరం అంటోంది కంపైలర్. ఎందుకు?”

ఎంత మంచి ప్రశ్నో! హాస్కెల్ ఒక ప్రోగ్రామింగ్ భాష. మాడ్యూల్ అంటే ముందే రాసిపెట్టిన కోడ్ మూట; కంట్రోల్ డాట్ అప్లికేటివ్ అలాంటిదే, ‘ప్యూర్’ అందులో దొరికే ఒక పేరు. ఆ మూటలోని పేర్లని మన ప్రోగ్రాంలోకి తెచ్చుకునే లైనే ఇంపోర్టు. మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చేది కంపైలర్. అసలు వాడని ఇంపోర్టును పట్టుకోవడం తేలికే. వాడుకలో ఉన్న పేరు తెచ్చిన లైనును కూడా దండగ అని తేల్చడంలోనే ఉంది అందం.

విజయనగరం వైపు పల్లెల్లో పెళ్లి వంటకి ఇరుగుపొరుగు ఇళ్ల గుండిగలు తెచ్చుకుంటారు. అంచు మీద ఆ ఇంటివాళ్ల పేరు చెక్కి ఉంటుంది. ఎవరు మోసుకొచ్చినా ఆ పేరు మారదు. కంపైలర్ కూడా ప్రతి పేరుకీ రెండు సంగతులు రాసుకుంటుంది: అది ఏ మాడ్యూల్లో పుట్టింది, ఏయే ఇంపోర్టు లైన్ల మీదుగా వచ్చింది. మొదటిది చెక్కిన పేరు, రెండోది మోసినవాళ్ల జాబితా. ఒకే గుండిగకి ఇద్దరు మోతకూలీ అడిగితే ఇచ్చేది ఒక్కరికే. వంటంతా అయ్యాక ఎవరి ఖాతాలో పైసా పడలేదో, వాళ్లని పిలవకపోయినా పెళ్లి ఆగేది కాదు. కూలీ పడని ఇంపోర్టు లైనూ అంతే, దండగ.

మరి కూలీ ఎవరికి? జీహెచ్‌సీ అనే హాస్కెల్ కంపైలర్‌లో మాడ్యూలు మొత్తాన్ని తెచ్చిన లైనుకి, విడిగా ఒక్కో పేరు తెచ్చిన లైను కంటే ముందు హక్కు. అందులోనూ సమానమైతే ఫైల్లో ఏది పైన ఉంటే దానికి. 2015లో వచ్చిన 7.10 వెర్షన్‌లో ‘ప్యూర్’ ప్రెల్యూడ్ అనే మాడ్యూల్లోకి కూడా చేరింది. ప్రెల్యూడ్ మనం పిలవకుండానే ముందే వచ్చి కూర్చుంటుంది, కూలీ అంతా దానికే. ప్రోగ్రామర్లు కనిపెట్టిన ఉపాయం చూడండి: ఇంపోర్టులన్నిటి కింద ‘ఇంపోర్ట్ ప్రెల్యూడ్’ అని రాస్తారు. అప్పుడది వరుసలో చివరికి పోతుంది, కూలీ పైనున్న అప్లికేటివ్ లైనుకి పడుతుంది, వార్నింగూ పోతుంది!

ల్యాబ్ రికార్డుల్లో పై ఇంపోర్టు లైన్లను పిల్లలు మంత్రంలా దించేస్తారు. కదిపితే ఏమవుతుందోనని టెన్షన్. ఒక్కో లైనూ తీసేసి కంపైల్ చేయించే పాఠం ప్రతి కాలేజీలో ఉండాలి.

అయితే పేరు వాడకపోయినా అవసరమయ్యే ఇంపోర్టులున్నాయి. గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో వాడని ఇంపోర్టు ఏకంగా ఎర్రర్, ప్రోగ్రాం కంపైలే కాదు. కానీ పీఎన్‌జీ రకం బొమ్మల ఫైళ్లు చదవాలంటే పీఎన్‌జీ ప్యాకేజీ (గోలో కోడ్ మూట) లోడవుతూనే తన డీకోడర్‌ని, అంటే ఆ ఫైలుని విప్పి చదివే భాగాన్ని, నమోదు చేసుకోవాలి. మన కోడ్‌లో దాని పేరు ఎక్కడా కనిపించకపోవచ్చు. అందుకే ఇంపోర్టు ముందు అండర్‌స్కోర్ పెట్టి, పేరుతో పనిలేదు, రావడమే పని అని కంపైలర్‌కి చెప్తారు.