పాత ఇంజిన్ నీలం పొగ వెనుక కథ: వాల్వ్ ఆయిల్ సీల్ ఎలా వచ్చింది?

రాత్రంతా ఆపి ఉంచిన పాత కారును పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి గుప్పున నీలం పొగ వస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. పక్కన నిలబడి చూసినవాళ్లు ‘రింగులు పోయాయి’ అని తేల్చేస్తారు. పిస్టన్ చుట్టూ ఉండే ఆ రింగులు పోతే బండి లోడ్ మీద లాగుతున్నప్పుడు పొగ వదులుతుంది. స్టార్టింగ్‌లోనో, పొడవాటి దిగుడు దిగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడో మాత్రమే పొగ వస్తుంటే ముందు అనుమానించాల్సింది ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో వాల్వ్ కాడ (స్టెమ్) జారే గొట్టాలైన వాల్వ్ గైడ్లనూ, అక్కడ ఆయిల్ దిగకుండా ఆపే సీళ్లనూ.

ఇక్కడే క్లాసిక్ కార్ల వాళ్ల మధ్య ఒక తెగని వాదన ఉంది. తయారైనప్పుడు సరైన సీలే లేని ఇంజిన్‌కు ఇప్పటి సీళ్లు బిగించవచ్చా? కొందరు కళ్లు మూసుకుని అన్ని వాల్వులకూ వేయించేస్తారు. అప్పట్లో సీల్ ఎందుకు లేదో తెలిస్తే ఆ తొందర ఉండదు.

సైడ్ వాల్వ్ ఇంజిన్ల కాలంలో ఈ సమస్య పెద్దగా లేదు. 1932 నాటి ఫోర్డ్ వి8 లాంటి వాటిలో వాల్వులు బ్లాక్‌లోనే తల పైకి, స్టెమ్ కిందికి ఉండేలా నిలబడతాయి. స్టెమ్ మీద పడ్డ ఆయిల్ గాలి, పొగ వెళ్లే దారి (పోర్టు) వైపు కాకుండా కిందికే జారిపోతుంది. వాల్వులు పైన హెడ్‌లో ఉండే ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్లు వచ్చాక అంతా తలకిందులైంది. తొలినాళ్లలో వాల్వులను నొక్కే రాకర్లు బయటికే కనబడేవి, చేత్తో ఆయిల్ వేసేవాళ్లు. తర్వాత వాటిపై కవర్ వచ్చింది, పంపు ఆయిల్‌ను పైకి తోయడం మొదలుపెట్టింది. ఇప్పుడు గైడ్ నెత్తిన ఎప్పుడూ ఆయిల్ ఉంటుంది, కింద ఇంజిన్‌లోకి గాలి వచ్చే ఇన్‌లెట్ పోర్టులో వాక్యూమ్ ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలి థ్రాటిల్ మూసినప్పుడు ఆ వాక్యూమ్ బాగా పెరిగి గైడ్ సందులోంచి ఆయిల్‌ను పీల్చేస్తుంది. దిగుడులో పొగ రావడానికి కారణం ఇదే.

మొదట్లో దొరికిన పరిష్కారాలు చాలా చిన్నవి. 1951లో ఆస్టిన్ ఏ30 కారుతో వచ్చిన ఏ-సిరీస్ ఇంజిన్‌లోనూ, 1955 నాటి షెవర్లే వి8లోనూ స్టెమ్ మీద, స్ప్రింగ్ క్యాప్‌ను స్టెమ్‌కు పట్టి ఉంచే కాటర్ల కింద, ఒక సన్నని రబ్బరు రింగు ఉండేది. స్ప్రింగ్ క్యాప్ మధ్యలోంచి ఆయిల్ స్టెమ్ వెంట దిగకుండా ఆపడమే దాని పని, గైడ్ నోటిని అది మూయదు. తర్వాత గొడుగు రకం వచ్చింది. స్టెమ్‌ను పట్టుకుని దానితోపాటే పైకీ కిందికీ కదులుతూ, పైనుంచి పడే ఆయిల్‌ను పక్కకు జార్చేస్తుంది. ఇప్పుడు వాడేది గైడ్ తలకే బిగుసుకుని కదలకుండా ఉండి, లోపలి అంచుతో స్టెమ్‌ను తుడిచే రకం. అన్ని ఇంజిన్లకూ ఇవన్నీ అవసరం కాలేదు. వాల్వులు అడ్డంగా పడుకుని ఉండే పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సీళ్లే లేకుండా నడిచింది.

రబ్బరు కథ కూడా తెలియాలి. నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీలు దాటిన వేడిలో ఏళ్ల తరబడి ఉంటే గట్టిపడిపోతుంది. పాత హెడ్ విప్పి ఆ రింగును వేళ్ల మధ్య నొక్కితే బిస్కెట్ ముక్కలా పుటుక్కున విరుగుతుంది. డ్యూపాంట్ 1957లో తెచ్చిన వైటాన్ అనే రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

అసలు ఒత్తిడి చట్టాల నుంచి వచ్చింది. అమెరికాలో 1970 క్లీన్ ఎయిర్ యాక్ట్ తర్వాత, 1975 మోడళ్లతో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు మొదలయ్యాయి. ఇంజిన్ ఆయిల్‌లోని ఫాస్ఫరస్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అంతకుముందు కాస్త ఆయిల్ తాగినా ఎవరూ పట్టించుకోని ఇంజిన్లకు ఇప్పుడు చుక్క చుక్కకూ లెక్క చెప్పాల్సి వచ్చింది. గైడ్‌కు బిగించే సీల్ మామూలైపోయింది. దానికి తగ్గట్టే కొత్త ఇంజిన్లలో గైడ్లనూ, సందులనూ డిజైన్ చేశారు.

పాత ఇంజిన్‌కు ఆ ఏర్పాటు లేదు. అందులోని కాస్ట్ ఐరన్ గైడ్ ఆ కాస్త కారే ఆయిల్ మీదే బతుకుతుంది. సీల్ మరీ బిగుతైతే స్టెమ్ పొడిబారి గైడ్ అరిగిపోతుంది, ముదిరితే వాల్వ్ పట్టేస్తుంది. కాలిన పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు ఈ ప్రమాదం ఎక్కువ. అక్కడ స్టెమ్ వేడెక్కువ, పోర్టులో పీల్చే వాక్యూమ్ కూడా ఉండదు. జాగ్వార్ 1948లో తెచ్చిన ఎక్స్‌కే ఇంజిన్‌కు మొదట సీళ్లు లేవు, తర్వాతి కాలంలో ఇన్‌లెట్ గైడ్లకు మాత్రం వచ్చాయి. నా ఉద్దేశంలో పాత హెడ్‌కు అదే సరైన దారి: ఇన్‌లెట్‌కు మంచి సీల్, ఎగ్జాస్ట్‌ను దాని మానాన వదిలేయడం. కొత్తగా కంచు గైడ్లు వేయిస్తే అప్పుడు మళ్లీ ఆలోచించవచ్చు.

అంతకంటే ముందు గైడ్‌ను చూడాలి. స్ప్రింగ్ తీసి వాల్వ్‌ను కొద్దిగా కిందికి దించి పక్కకు ఊపితే ఆట (లూజు) చేతికి స్పష్టంగా తెలుస్తోందంటే ఏ సీలూ నిలవదు. ఊగే స్టెమ్ దాని అంచును కొన్నాళ్లకే తెరిచేస్తుంది. హెడ్ మీది ఆయిల్ దిగే రంధ్రాలు మడ్డితో మూసుకుపోయాయేమో కూడా చూడాలి, అవి మూసుకుంటే గైడ్ చుట్టూ ఆయిల్ చెరువు కడుతుంది.

ఇవన్నీ బాగుంటే ఇక బిగింపు. కాటర్లు కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది కాబట్టి స్టెమ్ కొసకు పలుచని ప్లాస్టిక్ తొడుగు వేసి దాని మీదుగా సీల్‌ను దించాలి, లేదంటే ఎక్కించేటప్పుడే అంచు తెగుతుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ క్యాప్ అడుగు సీల్‌ను తాకకుండా ఖాళీ ఉండాలి. గొడుగు రకం కోసం చేసిన హెడ్‌లో ఈ ఖాళీ తరచూ చాలదు, అప్పుడు గైడ్ తలను కాస్త తగ్గించాల్సి వస్తుంది.