కట్టె, కొట్టె, ఎండబెట్టె

రామాయణం మొత్తం మూడు ముక్కల్లో చెప్పమంటే కట్టె, కొట్టె, తెచ్చె అంటారు కదా. పొయ్యిలో పెట్టే కట్టెల కథ కూడా దాదాపు అంతే, కొట్టాలి, తేవాలి, ఆ తర్వాత నెలల తరబడి దాని జోలికి పోకుండా ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే నాకు చేతకాలేదు.

మేముండేది హైదరాబాద్ అల్వాల్‌లో, పాత ఇండిపెండెంట్ ఇల్లు. గీజర్ ఉంది, అయినా డిసెంబర్ వచ్చిందంటే అమ్మకి పెరట్లో ఉన్న రాగి బాయిలర్ నీళ్లే కావాలి, గీజర్ నీళ్లు ఒంటికి పట్టవట. పోయినేడాది మే నెలలో గాలివానకి మా గల్లీ చివర నిద్రగన్నేరు కొమ్మ ఒకటి విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది, దాన్ని ముక్కలు కోసి పక్కన పడేసి పోయారు, అమ్మ కళ్లు వాటి మీద పడ్డాయి, ఇంకేముంది, సాయంత్రానికి నా నడుం విరిగింది. తెచ్చిన ముక్కల్ని గోడ పక్కన నేల మీదే పేర్చి, వాన పడుతుందని టార్పాలిన్ తెచ్చి నాలుగు వైపులా పార్సిల్ కట్టినట్టు కట్టేసి చాలా తెలివైన పని చేశాననుకున్నా. డిసెంబర్‌లో విప్పితే లోపల బూజు, కింద వరసకి చెదలు, ఓ మొద్దు మీద పుట్టగొడుగులు కూడా. అవే బాయిలర్‌లో పెడితే చివర్ల నుంచి సుయ్యిమని నురగ, గల్లీ అంతా పొగ, పక్కింటి ఆంటీ ఆరేసిన బట్టలు తీసుకుంటూ నావైపు ఓ చూపు. ఎదురు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్లది పాలమూరు వైపు, నా అవస్థ చూసి నవ్వి, "పచ్చి కట్టె ఏడుస్తది సార్, మనల్ని గూడ ఏడిపిస్తది" అన్నాడు.

ఆ ఒక్క ముక్కలో సైన్స్ చాలానే ఉంది.

చెట్టు అంటే నిలబడ్డ నీళ్ల పైపుల కట్ట అనుకోండి. వేర్ల నుంచి ఆకుల దాకా నీళ్లు మోయడానికి సన్నటి గొట్టాలు నిలువునా పోతుంటాయి, అప్పుడే కొట్టిన కట్టె బరువులో సుమారు సగం ఆ నీళ్లే, కొన్ని మెత్తటి చెట్లలో అయితే కట్టె కంటే నీళ్ల బరువే ఎక్కువ. ఇందులో రెండు రకాలు. గొట్టాల్లో ఊరికే నిలిచున్న నీళ్లు తొందరగానే పోతాయి. రెండో రకం కట్టె కణాల గోడల్లోకే ఇంకిపోయి సెల్యులోజ్‌ని పట్టుకుని కూర్చుంటాయి, అవి అంత తేలిగ్గా వదలవు. మొదటి రకం మొత్తం పోయేసరికి కట్టెలో తేమ సుమారు 30 శాతం దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి కిందికి దిగుతుంటేనే కట్టె ముడుచుకోవడం, పగుళ్లివ్వడం మొదలవుతుంది. ఎండిన మొద్దు చివర్లలో మధ్య నుంచి చక్రం పుల్లల్లా పగుళ్లు కనిపిస్తాయి చూడండి, రెండో రకం నీళ్లు వెళ్లిపోతున్నాయని గుర్తు అదే. పొయ్యిలో పెట్టడానికి తేమ 20 శాతం లోపు ఉండాలి.

వేడి లెక్క మెగాజౌల్స్‌లో చెప్తే ఎవరికీ ఎక్కదు, కరెంటు బిల్లు భాషలో చెప్తా. పూర్తిగా ఎండిన కట్టె కిలో కాలిస్తే సుమారు 5 యూనిట్ల వేడి వస్తుంది. 20 శాతం తేమ ఉంటే 4, సగం నీళ్లే ఉన్న పచ్చి కట్టె అయితే 2 పైచిలుకు. మామూలుగా అందరూ చెప్పేదేంటంటే ఆ నీళ్లని ఆవిరి చేయడానికే వేడంతా ఖర్చయిపోతుందని. నిజానికి లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరి కావడానికి 0.7 యూనిట్ చాలు, 5 యూనిట్ల ముందు అదేం పెద్ద నష్టం కాదు. అసలు దెబ్బ రెండు చోట్ల, ఒకటి మనం కట్టె అనుకుని మోసుకొచ్చిన దాంట్లో సగం నీళ్లే, రెండోది ఇంకా పెద్దది, నీళ్లు మంటని చల్లబరుస్తాయి.

చల్లబడితే ఏమవుతుంది? ఇక్కడే అసలు సంగతి. కట్టె నేరుగా మండదు. వేడి తగిలి 200 డిగ్రీలు దాటాక కట్టెలోని పదార్థాలు విడిపోయి గ్యాసులుగా బయటికొస్తాయి, మనం మంట అని చూసేది ఆ గ్యాసులు గాలితో కలిసి కాలడమే. అవి పూర్తిగా కాలాలంటే పొయ్యిలో సుమారు 600 డిగ్రీల పైన ఉండాలి. తడి కట్టె ఆ వేడికి రానివ్వదు, కాబట్టి గ్యాసులు సగం కాలి సగం కాలక, తారు చుక్కలుగా, మసిగా పైకి పోతాయి. అదే పొగ. అంటే కళ్లు మండిస్తున్నది తగలబడకుండా తప్పించుకుపోతున్న మన ఇంధనమే అన్నమాట. నమ్మకం లేకపోతే ఒక క్యాండిల్ వెలిగించి ఊదేయండి, పైకి లేచే తెల్లటి పొగకి వెంటనే అగ్గిపుల్ల చూపించండి, మంట ఆ పొగ వెంబడే కిందికి దూకి వత్తి అంటుకుంటుంది. బాయిలర్ పొగగొట్టం లోపల నల్లగా జిగురుగా పేరుకునేది కూడా ఈ చల్లారిన పొగే, చలి దేశాల్లో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి చలికాలమంతా కట్టెలు కాలుస్తారు కదా, వాళ్ల చిమ్నీల్లో ఇది మందంగా పట్టి ఒక్కోసారి చిమ్నీనే అంటుకుంటుంది.

ఇంకో లెక్క. బకెట్‌న్నర స్నానం నీళ్లు, అంటే 20 లీటర్లు, 20 డిగ్రీల నుంచి 45కి తేవడానికి కావాల్సింది 0.6 యూనిట్ మాత్రమే. 4 యూనిట్ల కట్టెతో పోలిస్తే 150 గ్రాములు, చేతికర్ర ముక్కంత! కానీ మూడు రాళ్ల పొయ్యి మీద గిన్నె పెడితే వేడిలో పదో వంతో కొంచెం ఎక్కువో నీళ్లకి చేరుతుంది, మిగతాదంతా గాలికే, అందుకే కిలో పైన పడుతుంది. పాత రాగి బాయిలర్ చేసినవాళ్లు ఈ సంగతి ఎరిగినవాళ్లే, నిప్పుగొట్టాన్ని నీళ్ల మధ్యలోంచి పోనిచ్చారు, ఎటు చూసినా నీళ్లే కాబట్టి వేడి తప్పించుకునే దారి తక్కువ.

గ్యాసులన్నీ పోయాక మిగిలేది బొగ్గు, దాదాపు ఉత్త కార్బన్, మంట లేకుండా ఎర్రగా కాలుతుంది. మన దమ్ బిర్యానీ మూత మీద బొగ్గులు పెట్టేది ఇందుకే, పొగ వాసన ఉండదు, వేడి నిలకడగా పైనుంచి దిగుతుంది. నిప్పుల మీద ఒక్కోసారి పల్చటి నీలం మంటలు ఆడుతుంటాయి, అది కార్బన్ మోనాక్సైడ్ కాలడం. కాలితే సరే, కాలకుండా గదిలోకి వస్తే మాత్రం రంగూ వాసనా ఉండని విషం, రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ రావట్లేదు కదా అని చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు వేసుకుని పడుకునేవాళ్లకి మెలకువ రాకపోవడానికి కారణం ఇదే. ఇందులో కొంచెం పర్లేదు అనే మాటే లేదు, కుంపటి బయటే.

నాయనమ్మ అయితే రాత్రి నిప్పుల మీద బూడిద కప్పేసి పొద్దున్నే కదిలించి రెండు చిదుగులు వేసి ఊదుగొట్టంతో ఊదేది, అగ్గిపెట్టె అవసరమే లేదు. నివురుగప్పిన నిప్పు అంటాం కదా, బూడిద గాలిని సన్నగా మాత్రమే పోనిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు, నిప్పు చావకుండా బతకకుండా అలా ఉంటుంది.

ఏ కట్టె మంచిది అంటే తుమ్మ అంటారు, నిజమే. కానీ కిలోకి కిలో చూస్తే తుమ్మ అయినా సుబాబుల్ అయినా వేడి ఇంచుమించు ఒకటే, తేడా అంతా బరువులోనే, అదే సైజు ముక్కలో తుమ్మ ఎక్కువ పదార్థం పట్టిస్తుంది, నిప్పులు ఎక్కువసేపు నిలుస్తాయి. కాబట్టి మోపు లెక్కన కొంటే తుమ్మ లాభం, తూకం మీద కొంటే ఎండినదే లాభం. ఊరి చివర ఖాళీ ప్లాట్లన్నిటినీ ఆక్రమించే సర్కారు తుమ్మ కూడా బ్రహ్మాండంగా కాలుతుంది, అది మన చెట్టు కాదు, 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప ప్రాంతంలో వేశారు, వంటచెరకు కోసమే, ఆ తర్వాత దాన్ని ఆపినవాళ్లు లేరు. గన్నేరు కొమ్మలు (పూల గన్నేరు, మా గల్లీ నిద్రగన్నేరు కాదు) మాత్రం పొరపాటున కూడా వద్దు, పొగ కూడా విషమే. రంగులేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కూడా వద్దు, బంక, పెయింట్ కాలిన పొగ పీల్చాల్సొస్తుంది. ఇంకోటి, నిలబడ్డ చెట్టు మీద చెయ్యి వెయ్యకండి, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, పర్మిషన్ కావాలి. గాలివానకి పడ్డవే మనకి ఎక్కువ.

ఇక ఎండబెట్టడం. కట్టెలో నీళ్లు పొడుగునా, అంటే గొట్టాల వెంట, అడ్డంగా కంటే పది పదిహేను రెట్లు వేగంగా కదులుతాయి. బెరడు అయితే దాదాపు రెయిన్‌కోటే. అందుకే పొట్టిగా కొయ్యాలి, గొడ్డలితో నిలువునా చీల్చాలి, చీలిస్తే బెరడు కోట బద్దలైనట్టే. గుండ్రటి మొద్దుని ఏడాది ఉంచినా లోపల చల్లగా తడిగానే ఉండొచ్చు. కింద రెండు వరసలు ఇటుకలు పెట్టి, మధ్యలో సందులు ఉండేలా పేర్చి, పైన మాత్రమే కప్పాలి, పక్కలు గాలికి వదిలెయ్యాలి. నేను చేసింది దీనికి పూర్తిగా రివర్స్, లోపల ఆవిరి లోపలే ఉండి బూజుకి ఏసీ రూమ్ కట్టించినట్టయింది.

హైదరాబాద్‌కి ఒక అదృష్టం ఉంది, ఏప్రిల్ మే ఎండ. చల్లటి దేశాల్లో ఓక్ లాంటి గట్టి కట్టెకి రెండేళ్లు ఆగుతారు. మన దగ్గర ఆ నెలల్లో మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం చుట్టుపక్కలకి, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది, అలాంటి గాలిలో కట్టెని చాలాకాలం వదిలేస్తే తేమ 6 శాతం దాకా దిగగలదు. కట్టె ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో రాజీ పడుతుంటుంది. మరి వానాకాలం? గాలిలో తేమ 80 శాతం ఉన్నా ఆ రాజీ 16 శాతం దగ్గర కుదురుతుంది, అంటే ఇంకా 20 కంటే కిందే. కాబట్టి వానల్లో కట్టె ఆరదు అనేది సగం మాటే, నెమ్మదిగా అయినా ఆరుతుంది, పైన పడ్డ వాన చుక్కలు రెండు రోజుల్లో పోతాయి, గాలి ఆడాలి అంతే.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే పచ్చివి డబ్ అంటాయి, ఎండినవి టంగ్ మంటాయి. ఇంకో సరదా పరీక్ష, ముక్క ఒక చివర గిన్నెలు తోమే లిక్విడ్ రాసి రెండో చివర నోరు పెట్టి గట్టిగా ఊదితే కొన్ని రకాల ఎండు కట్టెల్లో గొట్టాల గుండా గాలి పోయి బుడగలొస్తాయి, పిల్లలకి చూపించండి. కానీ నాకు నచ్చింది తూకమే. ఈసారి ఫిబ్రవరిలో తెచ్చిన తుమ్మ ముక్కల్లో మూడింటి మీద మార్కర్‌తో నంబర్లేసి వారం వారం కిచెన్ త్రాసు మీద పెడుతున్నా, తగ్గుతున్నంతకాలం నీళ్లు పోతున్నట్టు, ఆగిపోతే గాలితో రాజీ కుదిరినట్టు. అమ్మకి పప్పులు తూచే త్రాసు మీద కట్టెలేంటని కోపం. ఒకటీ రెండూ ఎప్పుడో ఆగిపోయాయి, మూడోది బెరడు ఒలవని గుండ్రటి ముక్క, అది మొన్న ఆదివారం కూడా ఇంకో 15 గ్రాములు తగ్గింది.