హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒకే ఒక్క ఫార్ములా-ఈ

నెక్లెస్ రోడ్డు మీద రాత్రిపూట రేసులు హైదరాబాదుకు కొత్త కాదు. సైలెన్సర్లు మార్పించిన బైకుల మీద కుర్రాళ్లు దూసుకుపోవడం, పోలీసులు స్పెషల్ డ్రైవ్ పెట్టి బండ్లు సీజ్ చేయడం ఏళ్లుగా చూస్తున్నదే. ప్రభుత్వం దగ్గరుండి జరిపించిన రేసు మాత్రం పట్టపగలు నడిచింది. 2023 ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3 గంటలకు దేశంలో మొదటి ఫార్ములా-ఈ, అంటే కరెంటు కార్ల రేసు. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్ పక్కగా 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కరెంటు కార్లు కదా, మన బైకులంత మోత కూడా లేదు.

ఇలాంటి పెద్ద రేసులను రాత్రి పెట్టడం వెనకున్నది చాలావరకు టీవీ లెక్క. 2008లో సింగపూర్ ఫార్ములా వన్‌ను చీకటి పడ్డాక పెట్టింది, యూరప్‌లో అప్పుడు మధ్యాహ్నం కాబట్టి. దానికి ట్రాక్ పొడవునా నీడ పడకుండా దీపాలు కావాలి. మన దేశంలో ఆ సాహసం చేసింది చెన్నై. 2023 డిసెంబరులో అనుకున్న రేసు తుపాను వల్ల ఆగి, 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న జరిగింది. మొదటి రోజు వాన పడి, భద్రతా సర్టిఫికెట్ చేతికి వచ్చేసరికి ఆలస్యమైంది.

హైదరాబాదుకు దీపాల దాకా వెళ్లే అవసరమే రాలేదు, రోడ్డు దగ్గరే చిక్కొచ్చింది. 2022 నవంబరులో ఇక్కడ జరగాల్సిన ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి రౌండు ఆలస్యాలతో, ప్రమాదంతో అసలు పోటీ లేకుండానే ముగిసింది. ఫార్ములా-ఈ సమయంలోనూ మామూలు బండ్లు ట్రాక్ మీదికి వచ్చేశాయి. వినాయక నిమజ్జనానికి ఇవే దారులు మూస్తే ఎవరూ విసుక్కోరు. ఆ మూత అలవాటైపోయింది, ఇది కాలేదు.

అసలు పేచీ డబ్బుది. తొలి ఏడాది ఖర్చు పెట్టుకున్న ప్రైవేటు ప్రమోటరు రెండో ఏడాదికి తప్పుకోవడంతో, 2023 అక్టోబరులో పురపాలక శాఖే నిర్వాహకులతో ఒప్పందం చేసుకుంది. హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచి సుమారు రూ.55 కోట్లు వెళ్లాయి. డిసెంబరులో ప్రభుత్వం మారింది. ఒప్పందాన్ని ఉల్లంఘించారంటూ నిర్వాహకులు 2024 ఫిబ్రవరి 10 నాటి రేసును జనవరిలోనే రద్దు చేశారు. అనుమతులు లేకుండా చెల్లించారన్న ఆరోపణపై 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్‌పై కేసు పెట్టింది. అవినీతి ఏమీ లేదని, నగరం పేరు కోసమే చేశామని ఆయన అంటున్నారు. కేసు కొట్టేయమని వేసిన పిటిషన్‌ను 2025 జనవరిలో హైకోర్టు తోసిపుచ్చింది.