చిలక చెవికీ గొంతుకూ మధ్య దారి: తగువు 1994 నాటిది

చిలక మెదడు మనిషి మెదడులాగే పనిచేస్తుందన్న మాట 2025 మార్చి నుంచి మళ్లీ జోరందుకుంది. న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన జెతియన్ యాంగ్, మైకేల్ లాంగ్ బడ్జీ చిలకలు కూస్తుండగా మెదడులో గొంతును నడిపే స్వర కేంద్రంలోని సంకేతాలు నమోదు చేసి ‘నేచర్’లో ప్రచురించారు. హల్లుల్లాంటి గరగరకు కొన్ని కణాలు, అచ్చుల్లాంటి స్వరాలకు మరికొన్ని, శ్రుతి స్థాయిని బట్టి ఇంకొన్ని స్పందించాయి. పియానో మెట్ల వరస అనుకోండి. పాట పక్షులైన జీబ్రా ఫించ్‌లలో ఇలాంటి వరస కనిపించలేదు. ఏ మెట్టు నొక్కాలో చెవి ఎలా చెబుతుందన్నది మాత్రం వేరే ప్రశ్న. ఆ దారి చిలకలకూ పాట పక్షులకూ ఒకే మూలం నుంచి వచ్చిందా, విడివిడిగా పుట్టిందా అన్నదే పాత తగువు.

మాటలు నేర్చిన చిలకల ముచ్చట్లు అందరికీ తెలుసు, వదిలేద్దాం. మలుపు 1994లో వచ్చింది. అప్పటిదాకా పాట పక్షుల మెదడు పటాన్నే చిలకలకూ అన్వయించేవారు. నాడీ శాస్త్రవేత్త జార్జ్ స్ట్రైడ్టర్ బడ్జీల మెదడులోకి జాడ చూపే రసాయనాలు ఎక్కించి, ఏ నాడి ఎక్కడికి పోతోందో ఆరా తీశారు. దారులు కలవలేదు. చిలకలూ పాట పక్షులూ స్వరం నేర్చే విద్యను విడివిడిగా సంపాదించాయన్నది ఆయన వాదన.

తేడా ఎంతటిదో బేసలిస్ అనే కేంద్రాన్ని చూస్తే తెలుస్తుంది. ఇది మెదడు ముందు భాగంలో ఉంటుంది, ముక్కు స్పర్శ కూడా ఇక్కడికే వస్తుంది. బడ్జీలో శబ్దాలు కింది మెదడు నుంచి, ఇంద్రియాల సంకేతాలను పైకి పంపే కేంద్రమైన థాలమస్‌ను దాటవేసి నేరుగా ఇక్కడికి చేరే దారి ఒకటుంది. పైగా పాట పక్షుల్లో వెనకవైపు స్వర కేంద్రాలు వినికిడి ప్రాంతాలను ఆనుకుని ఉంటే, చిలకల్లో దూరంగా పక్కకు జరిగి ఉంటాయి.

దూరమైనంత మాత్రాన చెవితో పని లేదనుకోకూడదు. పెద్ద బడ్జీలకు వినికిడి పోతే కూతలు చెడిపోతాయని 1999లో తేలింది. మరుసటి ఏడాది శాస్త్రవేత్తలు ఎరిక్ జార్విస్, క్లాడియో మెల్లో మెదడు కణాలు పనిచేసినప్పుడు చురుకయ్యే ఒక జన్యువు స్పందనను ఆధారంగా తీసుకున్నారు. ఊరికే విన్న పక్షుల్లో వినికిడి ప్రాంతాలు, కూసిన పక్షుల్లో స్వర కేంద్రాలు మేల్కొన్నాయి.

ఒకే మూలం అనే అవతలి పక్షానికి 2008లో ఊతం దొరికింది. చిలకలూ పాట పక్షుల వర్గమూ దగ్గరి చుట్టాలని జన్యు వంశవృక్షం చూపింది కాబట్టి, ఈ విద్య ఉమ్మడి పూర్వీకుల నుంచే వచ్చి ఉండొచ్చన్నారు.

ఇక మనిషితో పోలిక. యాంగ్, లాంగ్ చూసింది గొంతుకు ఆజ్ఞలు పంపే చోట, స్ట్రైడ్టర్ చూసింది అంతకు ముందున్న దారిలో. విడివిడిగా పుట్టి ఒకేలా తేలిన పోలిక అనే అర్థం వచ్చే మాట 2025 పత్రం పేరులోనే ఉంది. ‘మనిషిలాగే’ అని శీర్షికలు పెట్టినవారు ఆ మాటనే వదిలేశారు.