మూత్రపిండంలో తూములెత్తే హార్మోను

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెతను చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నల్లరాయి కాగి, దాని మీది గాలి కూడా కాగిపోయే ఆ గోతుల్లో కష్టపడే మనిషి ఒంటి నుంచి గంటకు లీటరు చెమట పోవచ్చు. అలాంటి మధ్యాహ్నం ఎన్ని నీళ్లు తాగినా మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. అదే మనిషి చలికాలంలో ఇంటిపట్టున ఉండి రెండు చెంబుల నీళ్లు తాగితే, గంట తిరిగేలోగా లేచి వెళ్లక తప్పదు; అప్పుడు వచ్చే మూత్రానికి రంగే ఉండదు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. ఈ రెండు సందర్భాల మధ్య అసలు తేడా ఆ వడపోతలో కంటే, వడకట్టిన నీటిలో ఎంత తిరిగి రక్తంలో చేరుతుందన్న దానిలోనే ఎక్కువగా ఉంది. ఆ లెక్కను చివరికి తేల్చేది వేసోప్రెసిన్ అనే చిన్న పెప్టైడ్ హార్మోను.

అయితే ఆ 180 లీటర్లన్నిటి మీదా దానికి అధికారం లేదు. మూడింట రెండొంతుల నీరు మూత్రనాళికల మొదటి భాగంలోనే, ఏ హార్మోను ఆజ్ఞతోనూ నిమిత్తం లేకుండా, లవణాల వెంట వెనక్కి వచ్చేస్తుంది. ఆ తర్వాతి వంపులో మరికొంత వస్తుంది. చివరి అంచె అయిన సంగ్రహణ నాళాల దగ్గర మిగిలే నీటి మీదే వేసోప్రెసిన్ పెత్తనం. అది బొత్తిగా లేకపోతే మనిషి రోజుకు పదిహేను, ఇరవై లీటర్ల దాకా మూత్రం పోస్తాడు; నిండుగా ఉంటే అర లీటరుతో సరిపెట్టగలడు.

ఈ హార్మోను తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు. అందులో ఒకటో స్థానంలోనూ ఆరో స్థానంలోనూ ఉన్న సిస్టీన్‌లు రెండూ గంధకపు బంధంతో కలుసుకోవడం వల్ల గొలుసులో కొంత భాగం ఉంగరంలా చుట్టుకొని, మిగిలిన మూడు ఆమ్లాలు తోకలా వేలాడుతుంటాయి. మెదడు అడుగున ఉన్న హైపోథలామస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. రక్తంలో లవణ సాంద్రత ఒకటి రెండు శాతం పెరిగినా అక్కడి ప్రత్యేక కణాలు కుంచించుకుపోయి ఆ సంగతి పసిగడతాయి, వెంటనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. ఇలాంటి హార్మోన్ల నిర్మాణాన్ని తేల్చి, వేసోప్రెసిన్‌కు దగ్గరి చుట్టమైన ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకు 1955లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. ఇంకో ముచ్చట: మనలో ఉన్న వేసోప్రెసిన్, ఒంగోలు గిత్తలో ఉన్నదీ, నెల్లూరు గొర్రెలో ఉన్నదీ అక్షరాలా ఒక్కటే. పందిలో మాత్రం ఎనిమిదో స్థానంలో ఆర్జినిన్‌కు బదులు లైసిన్ ఉంటుంది.

రక్తంలో తిరిగే హార్మోను ఒళ్లంతా తగులుతుంది, కానీ దాని మాట వినేవి గ్రాహకాలు, అంటే హార్మోను వచ్చి ఇమిడే ప్రోటీన్లు, ఉన్న కణాలే. రక్తనాళాల గోడల్లో ఉన్న వీ1ఏ రకం గ్రాహకానికి తగిలితే నాళాలు బిగుసుకుంటాయి. సంగ్రహణ నాళపు కణాల్లో ఉన్న వీ2 రకానికి తగిలితే కథ వేరు. ఆ కణానికి రెండు ముఖాలు: ఒకటి మూత్రం వైపు, మరొకటి రక్తం వైపు. గ్రాహకం రక్తం వైపున ఉంటుంది. హార్మోను వచ్చి అందులో ఇమడగానే పొర లోపలి అంచున ఉన్న జీ ప్రోటీన్ మేల్కొని, ఒక ఎంజైము చేత సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులను పెద్ద సంఖ్యలో తయారుచేయిస్తుంది. హార్మోను గడప దాటి లోపలికి రాదు; కబురు మోసేది ఈ అణువులే. అవి ప్రోటీన్ కైనేజ్‌ను పనిలోకి దింపుతాయి. అది నీటికి దారిచ్చే అక్వాపోరిన్-2 అనే ప్రోటీన్‌లో 256వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలిస్తుంది. అక్వాపోరిన్-2 అంతవరకు కణం లోపలి చిన్న సంచుల పొరల్లో ఖాళీగా కూర్చుని ఉంటుంది. ఫాస్ఫేట్ తగలగానే ఆ సంచులు మూత్రం వైపు పొరకు చేరి అందులో కలిసిపోతాయి. ఇదంతా నిమిషాల్లో జరిగే పని. రక్తం వైపు పొరలో మూడో రకం, నాలుగో రకం అక్వాపోరిన్లు ముందే ఉంటాయి కాబట్టి, ఇటు నుంచి దూరిన నీరు అటు నుంచి బయటపడుతుంది. హార్మోను తగ్గితే పొర మళ్లీ లోపలికి ముడుచుకుని ఆ ప్రోటీన్లను వెనక్కి లాగేసుకుంటుంది. దాహం రోజుల తరబడి సాగితే మాత్రం కణం కొత్త అక్వాపోరిన్లను తయారుచేసి నిల్వ పెంచుకుంటుంది.

కొవ్వుతో చేసిన కణపొరలో నీటికి ప్రత్యేకమైన దారి ఉందని రుజువైంది 1992లోనే. పీటర్ ఆగ్రే బృందం ఎర్ర రక్తకణాల్లో దొరికిన ఒక అక్వాపోరిన్ ప్రోటీన్ తయారీకి కావలసిన ఆర్‌ఎన్‌ఏను ఆఫ్రికన్ కప్ప గుడ్లలోకి ఎక్కించి, పలచని ద్రావణంలో వేసింది. ఆ గుడ్లు నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. ఎక్కించని గుడ్లు చెక్కుచెదరలేదు. ఆగ్రేకు 2003లో నోబెల్ తెచ్చిన ప్రయోగం ఇదే. అక్వాపోరిన్ రంధ్రం ఎంత ఇరుకంటే నీటి అణువులు ఒకదాని వెనుక ఒకటిగానే పోవాలి, అయినా ఒక్క రంధ్రం గుండా సెకనుకు వందల కోట్ల అణువులు దాటిపోతాయి. ప్రోటాన్లను మాత్రం అది పోనివ్వదు. పోనిస్తే కణంలోని ఆమ్ల క్షార సమతుల్యం చెడిపోతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. వేసోప్రెసిన్ నీటిని లాగుతుందని పాఠ్యపుస్తకాల్లో కూడా కనిపించే మాట సరికాదని నా అభిప్రాయం. చెరువు తూము ఎత్తిన మనిషి నీటిని తోయడు. చెరువు మట్టానికీ కాలువ మట్టానికీ ఉన్న తేడాయే నీటిని నడిపిస్తుంది. మూత్రపిండం లోపలి పొరల్లో ఆ తేడాను సృష్టించేది ఉప్పు, యూరియా. అక్కడి ద్రవం గాఢత రక్తానికి నాలుగు రెట్ల దాకా పెరగగలదు కాబట్టే దారి తెరుచుకోగానే నాళంలోని నీరు అటు పరుగెత్తుతుంది. ఆ గాఢత లేనిచోట హార్మోను ఎంత ఉన్నా ప్రయోజనం శూన్యం. తిండిలో మాంసకృత్తులు బాగా తక్కువైనవారి మూత్రం అంతగా చిక్కబడకపోవడానికి, యూరియా చాలినంత తయారుకాకపోవడమే కారణం.

ఈ ఏర్పాటు మనుషులకంటే ఎంతో పాతది. కప్ప నోటితో నీళ్లు తాగదు. తడి నేల మీద చతికిలబడి పొట్ట అడుగు చర్మంతో పీల్చుకుంటుంది. కప్పలకు పీయూష గ్రంథి సారం ఎక్కించి నీటిలో ఉంచితే బరువు పెరుగుతాయని బ్రున్ అనే శాస్త్రవేత్త 1921లోనే గమనించాడు. వాటి హార్మోను వేసోటోసిన్; మన దానికీ దానికీ ఒక్క అమైనో ఆమ్లమే తేడా.

హార్మోను లేకపోయినా, గ్రాహకం చెడినా ఫలితం ఒకటే: దాహం, లీటర్ల కొద్దీ మూత్రం. ఈ జబ్బును డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. డయాబెటిస్ అన్న పేరు చూసి దీన్ని షుగర్ అనుకోకూడదు; ఇందులో మూత్రంలో చక్కెర ఉండదు. హార్మోను కొరత ఉన్నవారికి దాని మార్పు రూపమైన డెస్మోప్రెసిన్ ఇస్తే గుణం కనిపిస్తుంది. గ్రాహకమే పనిచేయనివారికి ఇచ్చినా మూత్రం అంతగా తగ్గదు, వైద్యులు రెండింటినీ వేరుచేసే పద్ధతుల్లో ఇదొకటి. వీ2 గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నందున పుట్టుకతో వచ్చే ఆ లోపం ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. మానసిక వ్యాధులకు ఇచ్చే లిథియం కొందరిలో అక్వాపోరిన్-2ను తగ్గించి ఇదే స్థితి తెస్తుంది. మద్యం ఇంకో దారిన, మెదడు నుంచి వేసోప్రెసిన్ విడుదలనే అడ్డుకుంటుంది; మందు తాగినవారు మాటిమాటికీ లేవడం, తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోవడం కొంతవరకు దాని చలవే.

మూత్రపిండంలో నీటిని నిలబెట్టే అదే సైక్లిక్ ఏఎంపీ, పేగులో నీటిని పోగొడుతుంది. కలరా క్రిమి విషం పేగు కణాల్లోని జీ ప్రోటీన్‌ను ఆరిపోకుండా బిగించేస్తుంది. దాంతో సైక్లిక్ ఏఎంపీ తయారవుతూనే ఉండి, క్లోరైడ్ కణాల నుంచి పేగులోకి పొంగుతుంది, దాని వెంట సోడియం, నీరు పోతాయి. ఈ విషం ఉందని 1959లో రుజువు చేసినవాడు కలకత్తాకు చెందిన శంభునాథ్ దే. ఒక రకం ఈ.కోలి క్రిమి విషం మరీ గడుసుది: పేగులో సహజంగా ఉండే గ్వానిలిన్ అనే పెప్టైడ్ వేషం వేసుకుని, నేరుగా దాని గ్రాహకంలోనే కూర్చుంటుంది. అయినా సోడియాన్నీ గ్లూకోజునూ కలిపి లోపలికి చేర్చే ప్రోటీన్ ఈ గొడవలో దెబ్బతినదు. అందుకే ఉప్పు, చక్కెర రెండూ సరైన పాళ్లలో ఉన్న ఓఆర్ఎస్ తాగిస్తే, విరేచనాలు ఆగకపోయినా సోడియం లోపలికి వెళ్తుంది, నీరు దాని వెంటే వెళ్తుంది.