వీల్ అలైన్‌మెంట్: జయపురం షాపులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

సాలూరు దగ్గర సుంకి ఘాటీ ఎక్కి కోరాపుట్ మీదుగా దిగొచ్చే కార్లు, మల్కాన్‌గిరి వైపు తిరిగే జీపులు, నెలకోసారైనా విశాఖ పోయొచ్చే కుటుంబాల బండ్లు, మా షాపుకి ఎక్కువగా వచ్చేవి ఇవే. యజమాని తెలుగువాడైనా ఒడియావాడైనా అడిగే మాటలు మాత్రం ఒకటే. వీల్ అలైన్‌మెంట్ అంటే చక్రాలు నిలబడే కోణాలు కొలిచి సరిచేయడం. మెషీన్ స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు రాగానే పని అయిపోయిందనుకునేవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి.

అపోహ: బండి ఒక పక్కకి లాగుతోందంటే అలైన్‌మెంట్ పోయినట్టే.

వాస్తవం: "ఏటన్నా, ఎడమకి లాగేస్తంది" అని వస్తారు. నేను ముందు గాలి చూస్తాను, చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది. వాన నీరు పోవడానికి రోడ్డు నడిమధ్య ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు, మనం నడిపేది ఎడమ పక్కన, కాబట్టి స్టీరింగ్ వదిలితే బండి మెల్లగా ఎడమకి జారడం జబ్బేం కాదు. గాలి సమానంగా ఉండి, చదునైన రోడ్డు మీద కూడా గట్టిగా లాగితే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి నడిపి చూడాలి (బాణం గుర్తున్న టైర్లయితే మార్చకూడదు). లాగుడు రెండో పక్కకి మారితే దోషం టైరుది. మారకపోతే బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి. కాసేపు నడిపాక ఒక రిమ్ దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే అదే కారణం కావచ్చు. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే, చక్రం తిరిగే ఇరుసు గీత ముందుకో వెనక్కో వాలడం) తేడాల సంగతి ఇవన్నీ అయ్యాకే.

అసలు చాలామందికి తెలియనిది, ముందు చక్రాల టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) ఒక్కటే తప్పితే బండి మామూలుగా లాగదు. నేరుగా పోయేటప్పుడు రెండు చక్రాలూ ఆ తేడాని సగం సగం పంచుకుంటాయి, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, టైర్లు చడీచప్పుడు లేకుండా అరిగిపోతాయి. లాగట్లేదు కదా అని ఊరుకుంటే మిగిలేది కొత్త టైర్ల బిల్లే.

అపోహ: ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది, అలైన్‌మెంట్ చేసెయ్.

వాస్తవం: ముందు బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉందో లేదో చూపించండి. దానికి మెషీన్ వేరు, పని వేరు.

అపోహ: కంప్యూటర్ మెషీన్ కదా, తప్పు ఎందుకు చెబుతుంది?

వాస్తవం: అది తనకు కనిపించిన కోణాన్ని కరెక్టుగానే చెబుతుంది. కానీ చక్రమే ఊగుతుంటే ఆ కోణానికి విలువేముంది? బండిని పైకి లేపి, చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపండి. టక్‌టక్‌మంటే బేరింగ్ గానీ బాల్ జాయింట్ గానీ పోయింది. 9, 3 దగ్గర పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్ అరుగుదల బయటపడుతుంది. చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ చిరిగిన బండికి ఇవాళ ఎంత చక్కగా సెట్ చేసినా, ఘాటీలో రెండు మలుపులు తిరిగేసరికి మళ్ళీ మొదటికే వస్తుంది. గుంత కొట్టి రిమ్ వంగి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవడానికి చక్రం తిప్పించి చూడమని మెషీనే అడుగుతుంది, తొందరలో ఆ మెట్టు దాటేసే కుర్రాళ్ళున్నారు. డిక్కీలో నాలుగు బియ్యం బస్తాలతో వచ్చిన కారుని అలాగే ఎక్కించినా రీడింగ్ మారిపోతుంది.

ఇక ఎంత సన్నటి తేడాలో చూడండి. 14 అంగుళాల రిమ్ అంచు దగ్గర 1 మిల్లీమీటరు టో అంటే సుమారు 10 నిమిషాల కోణం, అంటే డిగ్రీలో ఆరో వంతు. టై రాడ్ తిప్పి రీడింగ్ కుదిరాక లాక్ నట్ బిగించేటప్పుడు రాడ్ కాస్త కదిలినా ఆ మేర పోతుంది. అందుకే నట్ బిగించాక మళ్ళీ స్క్రీన్ చూడాలి. చూడకుండా బండి దించేస్తుంటే అడగండి, మొహమాటపడకండి.

అపోహ: దారం కట్టి చూసేది పాతకాలం పద్ధతి, దండగ.

వాస్తవం: నేల చదునుగా ఉండి, కొలిచేవాడికి ఓపిక ఉంటే దారంతో టో బాగానే వస్తుంది. క్యాస్టర్ మాత్రం దారంతో రాదు.

అపోహ: క్యాంబర్ తప్పింది, జాకీ పెట్టి వంచితే సరిపోతుంది.

వాస్తవం: నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు కంపెనీ సెట్ చేసుకోమని ఇచ్చేది టో ఒక్కటే. క్యాంబర్ తేడా వచ్చిందంటే ఏదో వంగింది, లేదా అరిగింది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే నిలువు భాగం) కావచ్చు, ఆర్మ్ కావచ్చు. కొన్నిట్లో స్ట్రట్ బోల్టులు వదులు చేస్తే కొద్దిగా జరుగుతుంది, అంతవరకు సరే. అంతేగానీ హైడ్రాలిక్ జాకీతో స్ట్రట్‌ని వంచి అంకె కుదిర్చితే, వంగిన పార్టు పక్కనే ఇంకో పార్టు వంచినట్టు. ఘాటీ దిగే బండికి ఆ పని నేను చెయ్యను. బేరం పోతే పోనీ.

అపోహ: రేసు కార్లకి చక్రాలు వాల్చి పెడతారు, మనకీ అలా పెడితే పట్టు పెరుగుతుంది.

వాస్తవం: ఒక కుర్రాడు ఫోన్‌లో రిమోట్ కార్ల ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు ట్రాక్) రేసు వీడియో చూపించి, తన కారుకీ అలాగే పెట్టమన్నాడు. ఆ బొమ్మ కార్లలో ముందు చక్రాలు రెండూ పైభాగం ఎడమకే వాలి ఉంటాయి. కుడి చక్రం లోపలికి, ఎడమ చక్రం బయటికి. ఎందుకంటే ఆ ట్రాక్ మీద తిరగడం ఎప్పుడూ ఎడమకే. క్యాస్టర్ కూడా కుడికి ఎక్కువ, ఎడమకి తక్కువ పెడతారు. తక్కువున్న వైపుకి బండి తనంతట తనే మొగ్గుతుంది. సుంకి ఘాటీలో ఎడమకి ఎన్ని మలుపులో కుడికీ దాదాపు అన్నే, బాబూ! కానీ వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. చదును పలక మీద పెట్టి, బ్యాటరీ బండిలోనే ఉంచి, టైర్ల సైజు సరిచూసుకుని, అప్పుడు కొలుస్తారు. లక్షల బండికి మనం అంత శ్రద్ధ పెట్టం.

అపోహ: అయిదు వేల కిలోమీటర్లకోసారి చేయించకపోతే టైర్లు పోతాయి.

వాస్తవం: పది వేలకోసారి చూపించుకుంటే మామూలు వాడకానికి చాలు. గుంతలో గట్టిగా పడ్డా, టై రాడ్, ఆర్మ్, స్ట్రట్ మార్చినా మాత్రం కిలోమీటర్లు లెక్కపెట్టకుండా వెంటనే రండి. మధ్యలో ఇంటి దగ్గర మీరే చూసుకోవచ్చు: బండి ఆపి, టైరు మీద అరచేత్తో అడ్డంగా నిమరండి. అటు నుంచి ఇటు నున్నగా, ఇటు నుంచి అటు గరుగ్గా తగిలితే టో తప్పింది. ఒక అంచే అరిగితే క్యాంబర్ గానీ టో గానీ కావచ్చు, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. షాపుకి వచ్చినప్పుడు చేయకముందు రీడింగ్, చేశాక రీడింగ్ రెండూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి, దాన్ని బండి కాగితాలతో పెట్టుకుంటే వచ్చేసారి ఏది కదిలిందో మాకూ వెతుక్కునే పని తప్పుతుంది.