సర్టిఫికెట్ ఉన్న ఫ్యాక్టరీ

కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికులను సరిగ్గా చూసుకుంటున్నారని అంతర్జాతీయంగా చెల్లే కాగితమది. సెప్టెంబరు 11న అక్కడ మంటలు లేచాయి. కిటికీలకు చువ్వలు, తలుపులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు.

ఇలాంటి కాగితాలకు ఇంత విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1919లో పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) కార్మిక ప్రమాణాలు రాస్తుంది, మాట వినని దేశాన్ని నిలదీస్తుంది. అంతకుమించి చేయగలిగింది తక్కువ. వాణిజ్య ఒప్పందాలకేమో బలం ఉంది గానీ, అప్పట్లో అవి ఎక్కువగా సరుకునే చూసేవి, అది తయారైన తీరును కాదు. 1991 నాటి ట్యూనా చేపల వివాదమే తీసుకోండి. వలల్లో డాల్ఫిన్లు చస్తున్నాయని అమెరికా మెక్సికో ట్యూనాను ఆపింది. పట్టిన తీరును బట్టి చేపను ఆపడం కుదరదని, అప్పటి ప్రపంచ వాణిజ్య ఒప్పందం గాట్ కింద వేసిన ప్యానెల్ తేల్చింది. (ఆ నివేదికకు అధికారికంగా ఆమోదం దక్కలేదు, అది వేరే సంగతి.) 1996లో సింగపూర్‌లో కలిసిన, గాట్ స్థానంలో వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) మంత్రులు, కార్మిక ప్రమాణాలు చూడాల్సింది ఐఎల్ఓ అన్నారు. ప్రమాణాల వంకతో ధనిక దేశాలు తమ సరుకుకు అడ్డం పడతాయని వర్ధమాన దేశాల భయం. ఉత్త భయమేమీ కాదది. కానీ కోరలున్న సంస్థ ఆ పని తనది కాదంది, పని తనదైన సంస్థకు కోరల్లేవు.

ఆ ఖాళీలోకి బ్రాండ్లు వచ్చాయి. జీన్స్ కంపెనీ లెవీ స్ట్రాస్ 1991లోనే తన సప్లయర్లకు నియమావళి రాసింది. నైకీ పేరు చెబితే జనానికి బానిస కూలీ, బలవంతపు ఓవర్‌టైమ్ గుర్తొస్తున్నాయని 1998లో దాని అధిపతి ఫిల్ నైట్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఈ నియమాలు పాటిస్తున్నారా అని ఫ్యాక్టరీల్లో చూసే ఆడిటింగ్ పెద్ద వ్యాపారమైంది. ఆడిటర్ ఒకటి రెండు రోజులు వస్తాడు, తరచూ ముందే చెప్పి. హాజరు రిజిస్టర్ తిరగేస్తాడు. కొన్నిచోట్ల అది ఆయన కోసం రాసిందే, అసలుది ఇంకో బీరువాలో ఉంటుంది. ఇక బ్రాండు తీరు చూడండి: ఒక విభాగం ఓవర్‌టైమ్ తగ్గించమంటుంది, కొనుగోళ్ల విభాగం రేటు తగ్గించి డెలివరీ ముందుకు జరుపుతుంది. మేనేజర్ ఎవరి మాట వింటాడో చెప్పక్కర్లేదు.

2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గరి సావర్‌లో రాణా ప్లాజా గోడలు బీటలు వారాయి. అదే భవనంలోని బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. కుట్టు కార్మికులను మాత్రం మర్నాడు పనికి పిలిచారు. కరెంటు పోయింది, జనరేటర్లు వేశారు, భవనం కూలింది. 1,134 మంది పోయారు. అక్కడి కొన్ని ఫ్యాక్టరీలకూ ఆడిట్ అయింది. భవనం గట్టిదా కాదా అన్నది అందులో లేదు.

మూడు వారాల్లోనే ఫ్యాక్టరీల భద్రత కోసం బంగ్లాదేశ్ అకార్డ్ అనే ఒప్పందం కుదిరింది. బ్రాండ్లు ఈసారి కార్మిక సంఘాలతో కలిసి సంతకం పెట్టాయి, మాట తప్పితే ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తి తీర్పుకు, లాగొచ్చు. పర్యావరణం వైపు, అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, పామాయిల్‌ను ఆపే చట్టాన్ని యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2023లో చేసింది. ట్యూనా నాడు కుదరదన్న పనే ఇది. అమలు మాత్రం వాయిదాల మీద వాయిదాలు.

కరాచీ సంగతి మిగిలింది. ఆ ఫ్యాక్టరీ ప్రధాన కొనుగోలుదారు, జర్మన్ కంపెనీ కిక్, పరిహారంగా 50 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. బాధితుల వైపు నలుగురు మాత్రం కిక్ మీద జర్మనీలోని డార్ట్‌మండ్ కోర్టుకెళ్లారు. పాకిస్తాన్ చట్టం ప్రకారం గడువు దాటిందని 2019 జనవరిలో కేసు కొట్టేశారు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న దాకా విచారణ పోనేలేదు. సప్లయర్ల దగ్గర కార్మికుల హక్కులను కంపెనీలే చూసుకోవాలనే జర్మనీ సప్లయ్ చైన్ చట్టం 2023లో అమల్లోకి వచ్చినా, పరిహారం కోరే కొత్త హక్కేదీ ఇవ్వలేదు. సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన 2024 నాటి ఈయూ డైరెక్టివ్ ఆ దారి తెరిచింది. ఆ నిబంధన తీసేద్దామని 2025 ఫిబ్రవరిలో, ఈయూ చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది.